మా బావ బాగుచేసిన ఫ్యూజు

ఇబ్రహీంపట్నం చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. మా ఆయనకు అన్న, అంటే నాకు బావ, వ్యవసాయం మానేసి ప్లాట్లు చూపించే పనిలో దిగాడు. తెల్లచొక్కా వేసుకుని, రాళ్లు పాతిన జొన్నచేలో నిలబడి ఇక్కడ పార్కు, అక్కడ ఆసుపత్రి అని చెప్పీ చెప్పీ తనకు తెలియనిది లోకంలో లేదని తేల్చుకున్నాడు. ఇంట్లో మిక్సీ ఆగినా, ఎవరికైనా జ్వరమొచ్చినా తీర్పు ఆయనదే.

నేను యాచారం వైపు ఒక బడిలో టీచర్ని. స్కూటర్ మీద వెళ్లొచ్చేదాన్ని. ఒక పొద్దున బటన్ నొక్కితే బండి ఉలకలేదు. హారన్ లేదు, ఇండికేటర్లు లేవు.

"జరుగు. ఆడోళ్లకు గివన్నీ ఏం తెలుస్తయి?" అంటూ బావ సీటెత్తాడు. బ్యాటరీ పక్కనున్న ఫ్యూజు బయటికి తీశాడు. వేలెడైనా లేని గాజుగొట్టం అది. లోపలి సన్నతీగ తెగి, గాజు నల్లబడింది. కొత్తది తెస్తాడేమో అనుకున్నాను. ఆయన సిగరెట్ డబ్బాలోని వెండికాగితం చింపి, దానికి చుట్టి, మళ్లీ బిగించాడు. బండి స్టార్టయింది.

"సూసినవా? మెకానిక్ గిట్ల చేస్తడా?"

చేయడు. ఎందుకు చేయడో మూడో రోజు తెలిసింది. రోడ్డుకడ్డంగా వచ్చిన బర్రెలను చూసి హారన్ కొట్టగానే హ్యాండిల్ దగ్గర పొగ లేచింది. ప్లాస్టిక్ కాలిన కంపు. దిగి, సీటెత్తి బ్యాటరీ వైరు పీకేశాను. బర్రెలు తాపీగా దాటిపోయాయి.

ట్రాలీ ఆటోలో బండిని బస్టాండు దగ్గరి ముసలి ఎలక్ట్రీషియన్ దుకాణానికి తెచ్చాను. ఆయన వెండికాగితాన్ని పట్టకారుతో ఎత్తి చూపించాడు.

"ఎవరు పెట్టిండ్రు బేటా ఇది?"

"తెలిసినాయనే."

"తెలిసినోడు కాదు, తెల్వనోడు."

హ్యాండిల్ దగ్గర హారన్ వైరు తొడుగు ఒరుసుకుపోయి, లోపలి రాగి ఇనుముకు తగులుతోందట. "ఫ్యూజు పోయిందంటే తన పని చేసిందన్నట్టు. అది కాలి వైర్లను కాపాడుతది. ఎందుకు పోయిందో ముందు సూడాలె. పాతదాని మీద ఏ నెంబరుంటే గదే కొత్తది పెట్టాలె." అని, ఆ వైరు మార్చి టేపు చుట్టి, కొత్త ఫ్యూజు నా చేతే పెట్టించాడు. అవసరానికి ఉంచుకొమ్మని ఇంకో రెండు ఫ్యూజులు, కాస్త టేపు చిన్న కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెబితే బావ ముఖంలో సిగ్గన్నది లేదు. "వైర్లే నకిలీవి" అన్నాడు.

రెండు నెలల తరువాత బడి నుంచి వస్తుంటే, ఆయన ప్లాట్ల వెంచర్ కమాను ముందు చెమటలు కక్కుతూ కనిపించాడు. ప్లాటు చూడ్డానికి పట్నం నుంచి వచ్చిన మొగుడూపెళ్లాలు ఎండలో నిలబడ్డారు. ఆయన స్కూటర్ చచ్చిపడి ఉంది.

"జర ఆగు," అన్నాడు బావ. ఆ మాట ఆయన నోట అంత మెత్తగా రావడం అదే మొదలు.

సీటెత్తి ఫ్యూజు తీశాను. కాలిపోయింది. వైర్ల వెంట వెతికితే సీటు మడతబందు కింద ఒకదాని తొడుగు నలిగి చిరిగింది. దానికి నా దగ్గరున్న టేపు చుట్టి, ముసలాయన ఇచ్చిన ఫ్యూజుల నెంబరూ అదే కావడంతో ఒకటి పెట్టాను. బటన్ నొక్కగానే బండి పలికింది.

ఆ ఇల్లాలు నన్ను మెచ్చుకోలుగా చూసింది. బావ వెంటనే ముందుకొచ్చాడు.

"మా మరదలు. అన్నీ నేనే నేర్పిన."

సీటును చప్పుడయ్యేలా మూసి, నా బండెక్కాను.

వైరెక్కడ నలిగిందో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.