పారబోయలేని నీళ్ళు

చదువుకున్న రోజులు తలచుకుంటే అందరికీ పుస్తకాలో, స్నేహితులో గుర్తొస్తారట. నాకు మాత్రం నీళ్ళు గుర్తొస్తాయి. మాది బెళుగుప్ప పక్కన ఒక చిన్న పల్లె. మా ఇంట్లో చెంబెడు నీళ్ళు కనీసం రెండు పనులు చేయకుండా నేలలో ఇంకడానికి వీల్లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి, మొహం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి, స్నానం చేసిన నీళ్ళు గాడి వెంబడి పోయి నాలుగు వంగ మొక్కలకి. ఈ నీటిపారుదల శాఖకంతా మంత్రి మా జేజి (అంటే నాయన వాళ్ళమ్మ). ఎవరైనా చేయి కడుక్కుని నీళ్ళు ఊరికే విదిలిస్తే చాలు, "నీ మొగం మండ, మీ తాత ఏమన్నా చెరువు రాసిచ్చినాడా?" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేది. అలాంటి ఇంట్లో పెరిగిన నేను, ఏరికోరి ఏ చదువులో చేరానో వింటే మీరు నవ్వుతారు.

అనంతపురంలో పరిశోధన విద్యార్థినిగా చేరాను. పని పేరు గొప్పది గానీ చేసేది చాలా మామూలుగా ఉంటుంది. అద్దంలా మెరిసే వేలిగోరంత సిలికాన్ పలకను ఒక ద్రావణంలో మూడు నిమిషాలు ముంచాలి. తీసి మూడు బీకర్ల డిస్టిల్డ్ వాటర్‌లో వరసగా జాడించాలి. తర్వాత రెండో ద్రావణంలో ముంచాలి, మళ్ళీ జాడించాలి. మొదటిదానికి ధనావేశం, రెండోదానికి రుణావేశం, కాబట్టి ఒకదాని మీద ఇంకొకటి పొరగా అతుక్కుంటుంది. వెంట్రుక మందాన్ని వేల ముక్కలుగా చీలిస్తే వచ్చే ఒక ముక్కంత పొర! అలా రెండేసి పొరల జతలు నలభై పడితే, రంగన్నదే లేని ఆ నీళ్ళలోంచి పలక నీలంగా బయటికి వస్తుందని మా సార్ చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. పలక మునిగి ఉన్న మూడు నిమిషాలూ కిటికీలోంచి ఎండకు మసకబారిన గుట్టల్ని చూస్తూ, కంటికి కనబడని పొర ఇప్పుడెలా పరుచుకుంటోందో ఊహించుకుంటూ కూర్చునేదాన్ని. (గడియారం గంట కొట్టినా వినబడేది కాదు. ఒకసారి మూడు నిమిషాల ముంచుడు ముప్పై నిమిషాలైంది.)

మా సార్‌కి మేం పెట్టుకున్న పేరు 'ఇంకోసారి సార్'. ఆయనకి కోపం రాదు. ఏం తెచ్చి చూపించినా కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఇంకోసారి చెయ్యమ్మా" అనేవారు, అంతే. నేను అలా ఏడు సార్లు చేశాను. ఏడు పలకలూ నీలం రాకపోగా, పాలు ఒలికి ఎండిన గిన్నెల్లా తెల్లగా మసకబారాయి. ఏడోది చూపించినప్పుడు మాత్రం సార్ వేరే మాట అన్నారు. "శుక్రవారానికి ఒక్క మంచి పలక చూపించల్లమ్మా. లేదంటే ఈ సీటు వేరేవాళ్ళకి ఇయ్యాల్సొస్తాది. నా చేతిలో ఏం లేదు." సీటు పోతే చదువు మానేసి ఊరికి వచ్చేస్తానని నాయనకి మాట ఇచ్చే చేరాను మరి.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. జాడించిన నీళ్ళు ప్రతిసారీ పారబోసి కొత్తవి పోయమని సార్ మొదటిరోజే చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. కానీ చేయి రావాలి కదా! ఒక్క పలక రెండు క్షణాలు మునిగిన నీళ్ళు, తళతళలాడుతున్నాయి, వాటికేం రోగం? అందుకని మూడో బీకరు నీళ్ళు రెండోదాంట్లోకి, రెండోదాంట్లోవి మొదటిదాంట్లోకి మార్చుకుంటూ రోజంతా సర్దేసేదాన్ని. మిగతావాళ్ళు పలకకి నాలుగు క్యాన్లు ఖర్చు పెడితే నాకు ఒక్క క్యానులోనే ఇంకా నీళ్ళు మిగిలేవి కూడా. నీళ్ళ క్యాన్లిచ్చే అటెండరు (మేం 'క్యాన్ల మామ' అనేవాళ్ళం) నన్ను చూపించి అందరికీ నీతులు చెప్పేవాడు. "ఈ పాపను సూసి నేర్చుకోండప్పా! సంసారం చేసే ఆడపిల్ల అంటే ఇట్లుండాల." నేను లోపల పొంగిపోయేదాన్ని, పైకి సిగ్గుపడేదాన్ని.

గురువారం పొద్దున నాయన జేజిని తీసుకొచ్చాడు. వారం కిందట పట్నంలోనే ఆమె కంటికి శుక్లం తీశారు. చూపించుకోవడం అయిపోయాక, "మోటరు రిపేరీకి పోవల్ల, సాయంత్రం బస్సు దాకా నీ దగ్గర పెట్టుకోమ్మా" అని వదిలి వెళ్ళాడు. నల్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్న జేజి నా పని కాసేపు చూసింది. తర్వాత అద్దాలు నుదుటి మీదికి నెట్టి, బీకరు దగ్గరికి వంగింది.

"ఏమే, ఈ నీళ్ళు ఇరిగిపోయినాయి కదే."

"అవి డిస్టిల్డ్ వాటర్ జేజీ, ఇరగవు."

"నా కొత్త కన్ను అబద్ధం చెప్తాదా? తెల్లగా పోగులు తిరుగుతాండాయి, సూడు."

బీకరు ఎత్తి వెలుతురుకి పట్టాను. నిజమే. సన్నటి తెల్లటి పోగులు, తీరుబడిగా తిరుగుతున్నాయి. నేను దాచిన నీళ్ళలోనే, పలకకు అంటి వచ్చిన రెండు ద్రావణాలూ కలుసుకుని గడ్డకడుతున్నాయి, అవే వచ్చి నా పలక మీద కూర్చుంటున్నాయి. ఏడు పలకలు, రెండు నెలలు. నా పొదుపే నా కొంప ముంచింది. నాకు ఏడుపొచ్చేసింది. సీటు సంగతి, శుక్రవారం సంగతి, అన్నీ జేజికి చెప్పేశాను.

"అయితే ఏం చెయ్యల్ల?"

"జాడించినప్పుడల్లా పారబొయ్యాల జేజీ."

"ఎన్ని తడవలు?"

"ఎనభై."

జేజి మూల నిలబెట్టిన క్యాన్ల వైపు చూసింది. నా మొహం వైపు చూసింది. తన జీవితంలో ఎన్నడూ అనని మాట, గొంతు తగ్గించి అనింది.

"పారబొయ్యి."

కొత్త పలక తీసుకున్నాను. మొదటిసారి మూడు బీకర్లు సింకులో ఒంపుతుంటే జేజి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాలుగోసారికి "అయ్యో" అనింది. ఏడోసారికి లేచి క్యాన్ల మామను బక్కెట్ అడిగి తెచ్చి నా చేతికిచ్చింది. "నువ్వు పారబోసేది దీంట్లో పారబొయ్యి. సింకు తాగి ఏం బతకాల?" నేను ముంచుతూ పోయాను, బక్కెట్ మీద బక్కెట్ నిండుతూ పోయింది. పదిహేను జతలకి పలక లేత గోధుమ రంగు తిరిగింది. పాతిక దాటాక వక్కపొడి రంగు, తర్వాత వంకాయ రంగు. సాయంత్రం ఎండ కిటికీలోంచి వాలుతుండగా నలభయ్యో జత పడింది. పలక ఎత్తి పట్టాను. నీలం! వాన వెలిసిన సాయంత్రం మా ఊరి మీద ఎప్పుడో ఏడాదికోసారి కనబడే ఆకాశం నీలం. నేను ఒళ్ళు మరచిపోయాను.

"రంగు యాడ ఏసినావే?" అనింది జేజి నమ్మలేక.

"రంగు లేదు జేజీ. పొర మీద పొర, అంతే."

"నా కంట్లో ఒక్క పొర తీసేదానికి అంత పెద్ద డాక్టరు కావాల్సొచ్చె. నువ్వు ఎనభై పొరలు ఏసి కూసున్యావే!" అని, ఆ కొత్త కంటితోనే చాలాసేపు చూసింది. చివరికి మెచ్చుకోలుగా, "బాగుండాది. ఇన్ని నీళ్ళకి ఒక మడి వంగనారు బతికేది, అయినా బాగుండాది" అనింది.

శుక్రవారం సార్ పలకను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి తిప్పి చూశారు. ఆయన కళ్ళజోడు పైకెత్తి, "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నారు. నేను సామాను సర్దుకోవడానికి వెనక్కి తిరిగాను. "సీటు కాగితం మీద సంతకం పెట్టేసినాలేమ్మా. ఇంత బాగొచ్చింది కదా, మళ్ళీ వస్తాదేమో చూద్దామని" అని నవ్వారు. బయటికి వస్తూ చూస్తే వరండా గచ్చు అద్దంలా మెరుస్తోంది. నిన్న జేజి బస్సెక్కే ముందు ఆ బక్కెట్ల నీళ్ళతో, చీపురు పట్టించి ఈ చివర నుంచి ఆ చివరిదాకా కడిగించిందట, కడిగినవాడు క్యాన్ల మామ.

మొన్న అలమర సర్దుతుంటే నా థీసిస్ దొరికింది. దానిలో పద్ధతులు రాసిన పేజీ తెరిచాను. 'ప్రతి పొర తర్వాత జాడించిన నీటిని పారబోయడమైనది' అని గంభీరంగా రాసి ఉంది. అది రాసేటప్పుడు కలం ఎంతసేపు ఆపానో నాకు బాగా గుర్తు. ఆ తర్వాతి పలకల నీళ్ళన్నీ బక్కెట్లలోకే పోయాయి మరి. మొత్తం థీసిస్‌లో అబద్ధం అదొక్కటే.