కొండ గోరింక పాఠం

ఈ ఉదయం కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చిటారు కొమ్మ మీద కూర్చుని కొండ గోరింక ఈల వేసింది. ఆ ఈల వింటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. డుంబ్రిగుడ బడిలో ఇరవై ఏళ్లు చెప్పాను పాఠాలు. సముద్రంలో బతికే కటిల్ ఫిష్‌నీ కొండ గోరింకనీ పోల్చి నేను చెప్పిన పాఠానికి, తనిఖీకొచ్చిన అధికారి కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు.

లేవలేదు లెండి. తల ఊపాడు. అసలు ఆ పాఠమే నాది కాదు, సోంబారి మాస్టారిది.

ఆయన ఈ కొండల్లోనే పుట్టారు, బడిలో నాకంటే సీనియరు. నేను భీమిలి నుంచి వచ్చినవాణ్ణి. ఆయన కనబడితే పిల్లలు చుట్టూ మూగేవారు. నేను కనబడితే లేచి నిలబడేవారు. ఆ తేడా నాకు ముల్లులా గుచ్చుకునేది. ఎలాగైనా ఆయన్ని మించాలని, సముద్రం ఎరగని పిల్లలకు రంగులు మార్చే జీవిని చూపిస్తానని గొప్పలు పోయి, ఐసు డబ్బాలో కటిల్ ఫిష్‌ను పెట్టుకుని ఘాట్ రోడ్డెక్కాను. చచ్చినది రంగులు మార్చదన్న ఇంగితం లేకపోయింది. బల్ల మీద పాలిపోయి పడున్నదాన్ని ఒక గుంటపిల్ల వేలితో పొడిచింది.

“ఇదేటి మాస్టారూ, రంగు మార్సదేటి?”

“మాస్టార్ని సూసి సిగ్గుపడతందే,” అంది పక్క గుంట. బడంతా నవ్వింది.

సోంబారి మాస్టారు నవ్వలేదు. అందరినీ చెట్టు కిందికి తీసుకెళ్లారు. గొంతు విననిదే ఏ పిట్ట పేరూ పలకనిచ్చేవారు కాదాయన. గోరింక ఈల వేసేదాకా ఆగారు.

“ఇది మన కొండ ఈల. పాచిపెంట కాడ గోరింక ఇంకోలాగంటాది. ఇరుగుపొరుగు పిట్టల కాడే నేర్సుకుంటాది మరి. బతికున్న కటిల్ ఫిష్ అలాక్కాదర్రా. ఇసకలో ఇసక రంగు, రాళ్లలో రాళ్ల రంగు. అది కనపడకుండా బతుకుతాది, ఇది ఇనపడతా బతుకుతాది.”

ఆయనా సముద్రం చూసినవారు కాదు, పుస్తకంలో చదివారు. సముద్రం పక్కన పుట్టిన నాకు తట్టనిది ఆయనకెలా తట్టిందని నెల రోజులు కుళ్లుకున్నాను. తనిఖీ రోజున ఆ పాఠాన్నే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. “మీ సొంత ఆలోచనేనా?” అని అధికారి అడిగితే, “అవునండీ” అన్నాను. వెనక బెంచీ మీద కూర్చున్న సోంబారి మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

అప్పటినుంచి ఎవరి మాట చెప్పినా ముందు వాళ్ల పేరు చెబుతాను. ఆయన పోయి చాలాకాలమైనా ఆ అలవాటు పోలేదు. తనిఖీ మర్నాడు నన్ను పిలిచి టీ ఇచ్చారు, అంతటితో క్షమించేశారని అందరికీ చెప్పుకుంటాను. మొన్న సంతలో అల్లం అమ్ముతున్న ఆయన కూతురు గురుబారికీ అదే చెప్పాను. ఆమె తూకం ఆపింది.

“ఎవలు సెప్పినారు మీకు? ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడిసినాడు మా అయ్య. మీకు టీ ఇచ్చినాడు మాస్టారూ, అంతే.”