సోలెదాద్ అని చెవిలో చెప్పాను

2022 చలికాలం. సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో ఒక ఆసుపత్రి పోస్ట్‌నాటల్ వార్డులో నర్సుగా ఉన్నాను. కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ఉంచే వార్డు అది. విజిటింగ్ అవర్స్‌లో బెలూన్లు, బిర్యానీ డబ్బాలు, అమ్మమ్మల సలహాలతో కాలు పెట్టే చోటుండదు. మూల గదిలో ఉన్న అనా దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. స్పెయిన్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన పిల్ల. కడుపుతో ఉండగానే తోడున్నవాడు జారుకున్నాడు.

పేరు పెట్టేదాకా మా దగ్గర బిడ్డ తొట్టికి "బేబీ ఆఫ్ ఫలానా" అని తల్లి పేరే ఉంటుంది. అనా ఇంటికెళ్లే రోజొచ్చినా ఆమె కూతురి తొట్టికి అదే ఉంది.

"అక్కా, ఆర్వోకి డిస్చార్జ్. పేరు అడిగితే చాలు ఏడుస్తోంది, నువ్వే చూడు," అంది నాతో పనిచేసే శిరీష. ఇక్కడ మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారు.

నాకసలే నోరు ఊరుకోదు. టీ పట్టుకెళ్లి పక్కన కూర్చుని అడిగేశాను.

"మా అమ్మమ్మ పేరు పెడదామనుకున్నా. సోలెదాద్. నన్ను పెంచింది ఆవిడే. పోయిన నెల చనిపోయింది. నిండు గర్భిణినని నన్ను విమానం ఎక్కనివ్వలేదు," అంది అనా.

"మరి పెట్టు. బాగుంది కదా!"

"ఆ మాటకి ఒంటరితనం అని అర్థం. నాకున్నది చాలదా? దీనికి కూడా అంటగట్టనా?"

డ్యూటీ దిగి వెళితే అద్దె ఫ్లాట్‌లో నన్ను పలకరించేది ఫ్రిజ్ చప్పుడొక్కటే. అది ఆమెకు చెప్పలేదు. ఆడపిల్లకి అలాంటి పేరు ఎవరు పెడతారమ్మా అని అడిగాను.

పాతకాలంలో వాళ్ల దేశంలో మేరీమాత బిరుదులే ఆడపిల్లల పేర్లట. దుఃఖం, ఓదార్పు, ఒంటరితనం, అన్నీ ఆ తల్లివే. కొడుకుని సమాధి చేసిన మర్నాడు, ఈస్టర్‌కి ముందు శనివారం, ఆమె ఒక్కతే కూర్చుందట. ఆ తల్లినే సోలెదాద్ మాత అంటారట. ఇప్పుడు అక్కడ కూడా ఆ పేరు పెట్టేవాళ్లు తగ్గిపోయారట.

"మా నానమ్మ పేరు తెలుసా? పెంటమ్మ. చెత్తకుప్ప అని," అన్నాను.

అనా కప్పు దించి నా వైపు చూసింది.

"ముందు పుట్టినవాళ్లు దక్కలేదు. అందుకని ఈమెను పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని ఆ పేరే పెట్టారు. చావు చీదరించుకుని వదిలేస్తుందని! ఎనభై దాటేదాకా ఊరందరినీ దబాయిస్తూ బతికింది. పెంటమ్మ అంటే మాకెప్పుడూ చెత్త గుర్తురాలేదు, ఆమె చేతి సర్వపిండి గుర్తొచ్చేది. సోలెదాద్ అంటే నీకేం గుర్తొస్తుంది?"

"రోజూ నా తల దువ్వేది. కొలోన్ సెంటు వాసన..." అని ఆగిపోయింది. "ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను ఒంటరిగా లేను." చాలాసేపు ఏడ్చాక కళ్లు తుడుచుకుని, "పెట్టేస్తాను. కానీ పేరు పెట్టే రోజున ఇంట్లోవాళ్లు ఉండాలి కదా. నాకెవరున్నారు?" అంది.

మా వైపు మేనత్త బిడ్డను ఒళ్లో పెట్టుకుని చెవిలో పేరు చెబుతుంది. ఆ మాట అన్నానో లేదో, అనా కూతుర్ని తీసి నా చేతుల్లో పెట్టింది. వంగి సోలెదాద్, సోలెదాద్, సోలెదాద్ అన్నాను. పిల్ల హాయిగా ఆవులించింది.

"ఏంటక్కా, బారసాలా?" అంటూ శిరీష గుమ్మంలో నిలబడి నవ్వింది.

మధ్యాహ్నం వాళ్లిద్దర్నీ టాక్సీ ఎక్కించి వచ్చాను. పేరుకి అర్థమేంటని ఆ తర్వాత నేను ఏ తల్లినీ అడగలేదు. ఎవరి పేరని అడుగుతాను. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఉన్నన్నాళ్లే ఆ మనిషి మనతో ఉంటుందని ఆ కేసుతోనే తెలిసింది.

ఆ సాయంత్రం ఫ్లాట్ తలుపు తీస్తే మళ్లీ ఫ్రిజ్ చప్పుడే. ఈ దేశంలో మా నానమ్మ పేరు ఎరిగినవాళ్లెవరూ లేరని అప్పుడు తట్టింది, ఏడుపొచ్చింది. చెప్పులు విప్పకుండానే, ఖాళీ ఇంట్లోకి "పెంటమ్మా!" అని గట్టిగా ఓసారి పిలిచాను.