మల్లిక పలకకు జాజు గుర్తు

మా మక్తల్ దిక్కు ఎండాకాలంలో బర్రెలు పాలివ్వవు, నేరుగా పెరుగే ఇస్తాయి. పాలమూరు కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి, అబద్ధమాడను. అనుమానముంటే మా బర్రెను అడగవచ్చు, కాకపోతే అది పోయిన ఏడే పోయింది. ఇంత ఎండ ఊరికే పారబోస్తున్నామని బాధపడిన మనిషి మా ఊళ్ళో ఒక్కతే. గొర్లకాపరి గుర్వయ్య బిడ్డ మల్లిక.

మల్లిక నాకు వరుసకు మనుమరాలు. చిన్నప్పుడు గొర్రెపిల్లల వెంట తిరిగేది, తర్వాత గురుకుల బడికి పోయింది, ఆపైన పాలమూరులో కెమిస్ట్రీ చదివింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో సీటు దొరికింది. అక్కడేం చేస్తుందని ఊళ్ళో అందరూ నన్నే అడిగేవాళ్ళు. సూర్యుడికి పాలు పితుకుతుందని చెప్పేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు నమ్మారు. నిజానికి నేను చెప్పినదాంట్లో తప్పు కూడా పెద్దగా లేదు.

మనం ఇళ్ళమీద చూసే సోలార్ పలకల్లో ఉండేది సిలికాన్. మల్లిక పలకలో పెరోవ్‌స్కైట్ అని నల్లటి పొర ఉంటుంది. దాన్ని సిరాలాగా గాజుమీద పూస్తారు. మందం వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. ఎండ తగలగానే అందులో ధన విద్యుత్తు, ఋణ విద్యుత్తు విడివడతాయి. విడివడిన వెంటనే ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు తోలెయ్యాలి. లేకుంటే మళ్ళీ కలిసిపోయి, పుట్టిన కరెంటు పుట్టినచోటే చస్తుంది. ధన విద్యుత్తును తోలుకుపోయేది ఒక పాలిమర్ పొర. మల్లిక పని ఆ పాలిమర్‌ను తయారుచేయడం. కాపరి బిడ్డకు తోలే పనే దొరికిందని నేను అంటే, పాపం, నవ్వింది కూడా.

పాత పద్ధతిలో ఆ పాలిమర్‌కు చురుకు రావాలంటే ఒక రకం ఉప్పు కలపాలి. ఉప్పు సంగతి మీకు తెలిసిందే, వానాకాలం డబ్బాలో పెట్టినా చెమ్మగిల్లుతుంది. పలకలోనూ అంతే. ఉప్పు తేమను పిలుచుకొస్తుంది, తేమ పెరోవ్‌స్కైట్‌ను తినేస్తుంది. ఉప్పు లేకుండానే తోలగలిగే పాలిమర్ కావాలని మల్లిక పట్టుబట్టింది. పాలిమర్ అంటే పొడుగాటి దారం. ఆ దారానికి పక్కల నుంచి సన్నటి నూగు లేచి ఉంటుంది. నూగు పొడుగైతే నీళ్ళు దగ్గరికి రావు గానీ, దారాలు ఎడం ఎడంగా జరిగి కరెంటు ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకలేదు. పొట్టిదైతే కరెంటు బాగా దూకుతుంది గానీ, తేమ లోపలికి వస్తుంది, పైగా ఆ పాలిమర్ ద్రావకంలో కరగనే కరగదు, పూయడానికి రాదు. కాబట్టి ఏళ్ళ తరబడి ఆమె చేసింది క్షవరం. తరతరాలుగా గొర్ల ఉన్ని కత్తిరించిన ఇంట్లో ఇదేం పెద్ద చదువని నేను గుర్వయ్యను ఏడిపించేవాణ్ణి.

ఆమె గైడు రఘుపతి సారు. మంచివాడే. ఆయన వయసంతా ఉప్పు కలిపిన పాత పాలిమర్‌తోనే గడిచింది, అదంటే కన్నబిడ్డంత ముద్దు. మల్లిక పాలిమర్ ల్యాబులో బాగా పనిచేసిన రోజు ‘మన పాలిమర్’ అనేవాడు, చేయని రోజు ‘నీ పాలిమర్’ అనేవాడు. చివరికి ఒక మాట చెప్పాడు. నీదొకటి, నాదొకటి, రెండు పలకలు తీసుకుపోయి గట్టి ఎండలో పెట్టు, తొలివాన దాకా చూద్దాం, నీది నిలిస్తే దాంతోనే పెద్ద పలకలు చేద్దాం, నిలవకుంటే దాన్ని వదిలేసి నా ఉప్పు పనిలోకి రా అని. గట్టి ఎండ అనగానే మల్లికకు వాళ్ళ ఇల్లే గుర్తొచ్చింది.

అట్లా ఉగాది పోయాక గుర్వయ్య ఇంటి స్లాబు మీదికి రెండు పలకలు ఎక్కాయి. అరచేతి వెడల్పు, అచ్చం కవల పిల్లలు. లోపలి పొరల సత్తా తేలాలని అంచులకు మూత పలచగానే వేశారు. పక్కన ఒక చిన్న పెట్టె, అది పలకలిచ్చే కరెంటును ఒక్కోదానికి ఒక్కో గీతగా ఎప్పటికప్పుడు మల్లిక ఫోనుకు పంపిస్తుంది. పోయేముందు మల్లిక వాళ్ళవ్వ గోపమ్మకు చూపించి చెప్పింది. కుడిదిక్కుది సారుది, ఎడమదిక్కుది మనది, రెంటినీ ఎవరూ ముట్టుకోవద్దని.

గోపమ్మ మా ఊళ్ళో గొర్లమంద పెద్ద. ఆమె చూస్తే తోడేలు కూడా సలాం కొట్టి పక్కదారి పడుతుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

రెండు నెలలు గడిచాయి. రెండు గీతలూ ఫోన్లో బాగానే ఉన్నాయి. మృగశిర కార్తె దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం మల్లిక గీత దభీమని కిందికి పడింది. సారుది పడలేదు. మల్లిక వెంటనే ఇంటికి ఫోను చేసి, పలకకేమన్నా దెబ్బ తగిలిందా, ఎవరన్నా ముట్టుకున్నారా అని అడిగింది. ఏం కాలేదు, ఎవ్వరూ ముట్టుకోలేదని గోపమ్మ ఒట్టు పెట్టుకుని చెప్పింది. మల్లికకు పాత భయం ఒకటుంది. నీళ్ళను తరిమే నూగు, పైనున్న లోహపు పూతను కూడా తరిమి పొర లేచిపోతుందేమోనని. అదే అయిందనుకుంది. సారు గీత చూసి, ‘నీ పాలిమర్ దిగిపోయిందమ్మా’ అన్నాడట. పలక తెచ్చెయ్యమన్నాడు.

మరునాడు మల్లిక మక్తల్ బస్సు దిగి వచ్చింది. ముఖం చూస్తే నాకు కూడా అబద్ధమాడబుద్ధి కాలేదు. ఆమె వెంట నేనూ నిచ్చెనెక్కాను. ఎక్కి చూద్దుము గదా, ఎడమ పలక మీద అడ్డంగా మూడు వేళ్ళ ఎర్రటి చారలు.

అది జాజు. ఇంటి అరుగులకు పూసే ఎర్రమట్టి. గొర్ల వీపుమీద దాన్నే మూడు వేళ్ళతో గీస్తే అది గుర్వయ్య ఇంటి మంద గుర్తు. వానకు పోకుండా ఆముదంలో కలుపుతారు.

మల్లిక స్లాబు మీంచే కేకేసింది. “అవ్వా, ముట్టుకోలేదంటివి గదనే.”

గోపమ్మ కింద దొడ్లోంచి తల కూడా ఎత్తలేదు. “ముట్టుకోలే బిడ్డా. గుర్తు పెట్టిన.”

“గుర్తు పెట్టుడంటే ముట్టుకునుడు కాదా?”

“గదెట్లయితది? వైర్లు సూడనీకి సారు మనిషొస్తడంటివి. రెండు మందలు ఒక్క దొడ్ల పెట్టి గుర్తు పెట్టకుంటే, వచ్చినోడు మనదాన్నే తోల్కపోతడు.”

నేను గట్టిగా నవ్వబోయి, మల్లిక ముఖం చూసి దగ్గాను. ఆమె కూచుని చారలు పలకలో ఎంత భాగం కప్పాయో కొలిచింది. ఫోనులో గీత ఎంత పడిందో చూసింది. పలక సగానికి కొంచెం తక్కువ మూసుకుంది, కరెంటు కూడా అంతే తగ్గింది. పొర లేవలేదన్నమాట. తుడిచెయ్ అన్నాను. తుడవనంది. తానే తుడిస్తే ఏదో పూసి గీతను లేపిందంటారు, సారు కళ్ళముందే తుడవాలి అంది. నేనైతే తుడిచి, పైన దేవుడి మహిమ అని కూడా చెప్పేవాణ్ణి.

ఆ సాయంత్రమే తొలివాన కొట్టింది. మా ఊరి చేపలు వానధార పట్టుకుని మబ్బు దాకా ఎక్కి వచ్చాయి. మల్లిక గొంగడి కప్పుకుని పెట్టె పక్కనే నిలబడింది గానీ పలకల మీద మాత్రం ఏదీ కప్పలేదు.

మల్లిక ఫోను చేసి రమ్మంటే, తెల్లారి రఘుపతి సారు తెల్లకారులో దిగాడు. స్లాబెక్కి ముందు తన పలక చూశాడు. నల్లగా ఉండాల్సింది అంచుల నుంచి పసుపురంగుకు తిరిగింది. ఉప్పు తన చుట్టాన్ని పిలుచుకొచ్చింది. లోపల సీసం ఉంటుందని ఆయన దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టాడు. తర్వాత మల్లిక పలక దగ్గరికొచ్చి జేబురుమాలు తీశాడు.

అప్పటికే గోపమ్మ నిచ్చెనెక్కి వచ్చి పలకకు అడ్డం నిలబడింది.

“సారూ, గుర్తు తుడుసుడంటే మందల జీవాన్ని అమ్ముకున్నట్టు. మేం అమ్మలే. నువ్వు కొనలే.”

సారు మల్లికను చూశాడు. మల్లిక ఆకాశాన్ని చూసింది. నేను సాయం చేద్దామని, ఈ ఊళ్ళో ఒకడు తెలియక గుర్తు తుడిస్తే వాడి మీసం రాత్రికి రాత్రి మొలవడం మానేసిందని చెప్పాను. సారు మీసం తడుముకుని, “మరేం చేయాలమ్మా?” అన్నాడు.

“గిది మా మల్లికది అని నీ నోటితోని చెప్పు. గా గొర్లు ఇనేటట్టు.”

పిట్టగోడ దగ్గరికి పోయి, దొడ్లోని మంద వైపు తిరిగి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో రఘుపతి సారు అన్నాడు. “ఈ పాలిమర్ మల్లికది.” ఒక పొట్టేలు మెడ ఎత్తి చూసింది. గోపమ్మకు అది చాలు. కొంగుకు ఇంత కిరసనాయిలు అద్ది తనే తుడిచింది, మూడు వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి. ఫోనులో గీత మెట్లెక్కినట్టు లేచి, పడకముందు ఎక్కడుందో దాదాపు అక్కడికే వచ్చి నిలబడింది.

“మన పాలిమర్...” అని సారు సంబరంగా మొదలుపెట్టాడు. గోపమ్మ పిట్టగోడ మీదున్న జాజు గిన్నె చేతికి తీసుకుంది.

“మల్లిక పాలిమర్,” అన్నాడు సారు.

పెద్ద పలకల పని ఇప్పుడు మల్లిక చేతిలోనే ఉంది. ప్రతి పలక వెనకవైపు, ఎండ తగలని మూలన, చిన్నగా మూడు ఎర్ర చారలుంటాయి. ఆమే గీస్తుంది.

ఇక సారు ఆరోజు జొన్నరొట్టె తిని కారెక్కేటప్పుడు చూసుకోలేదు గానీ, తెల్లటి బానెట్ మీద మూడు వేళ్ళు బారుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఎందుకు పెట్టినవంటే, మల్లా రావాలె గదా, ఏ మందల కలుస్తడో ఏమో అంది గోపమ్మ. పాలమూరు దగ్గర ఒక గొర్లమంద ఆ కారును చూసి వెంటబడి హైదరాబాదు దాకా పోయిందని విన్నాను. విన్నది నా నోటి నుంచే అనుకోండి.