మెట్లెక్కే ఆమెకు తెలియదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ ఉండేది కానీ దానికి గొంతు ఉండేది కాదు. చెడిపోయి కాదు, మా తాత చప్పుడు పెంచే మీట ముట్టనిచ్చేవాడు కాదు. మావాళ్లు నేతపనికి వలస వచ్చిన గుజరాతీ ఊరు భేస్తాన్‌లో మా గది గోడకు అవతలే సేఠ్ గారి కార్ఖానా. అందులో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, పగలూ రాత్రీ ఆడుతూనే ఉండేవి. ఆ మోతలో టీవీ మామూలుగా మాట్లాడితే ఒక్క మాటా వినపడదు. పైగా తాత వయసంతా ఆ సాంచెల మధ్యే నిలబడి బట్ట నేసినవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చెవులు పోయాయి. అందుకని మా ఇంట్లో సినిమా అంటే బొమ్మ మాత్రమే.

ఆ సినిమాలైనా గల్లీలో అందరూ చూసేవి కావు. సాంచెలు మానేశాక తాత ఆల్థాన్ వైపు ఒక పార్సీ పెద్దమనిషి బంగళాలో కాపలాకు కుదిరాడు. ఆ పెద్దాయనకు పాత అమెరికా సినిమాలంటే ప్రాణం. పక్కన కూర్చుని చూసే మనిషి లేక తాతనే కూర్చోబెట్టుకునేవాడట. కెమెరా ఎక్కడ నిలబెట్టారో, కథ రాసినవాడు ఏం దాచిపెట్టాడో, నటించేవాడు ఏ చోట తగ్గాడో హిందీలో చెబుతుంటే, తాత ఆయన పెదవులు చూసి అర్థం చేసుకునేవాడు. చివరికి ఆయన బొంబాయిలో కూతురి దగ్గరకు వెళ్లిపోతూ టీవీ, వీసీఆర్, ఒక గోనెసంచి నిండా క్యాసెట్లు తాతకిచ్చి పోయాడు. అలా మా గల్లీ పిల్లలంతా ఫైటింగులు చూసి ఎగురుతున్న రోజుల్లో నేను టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్లను, నలుపు తెలుపు బొమ్మల్లో చూస్తూ పెరిగాను. నాకది పెద్ద నామోషీగా ఉండేది. బళ్లో ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

మా ఇద్దరికీ ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కథ తెలియకపోవడమంటూ ఎప్పుడూ లేదు. కార్ఖానాలో మాట వినబడదు కాబట్టి సాంచెల మీద పనిచేసేవాళ్లు పెదవులతో, చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. మా అమ్మ అక్కడే బాబిన్లకు దారం చుట్టేది. ఆమెకు అన్నం గిన్నె తీసుకెళ్లీ తీసుకెళ్లీ నాకూ ఆ మాట పట్టుబడింది. ఇంట్లో తాతతో నేను మాట్లాడేది కూడా అలాగే, గొంతు లేకుండా. ఇక తెల్లవాళ్లయితేనేం, నల్లవాళ్లయితేనేం, మొఖం మొఖమే కదా.

నన్ను బాగా భయపెట్టిన సినిమా ఒకటుండేది. పెద్ద ఇల్లు. ఒకామె చేతిలో దీపం పట్టుకుని మెట్లెక్కుతూ ఉంటుంది. పైన తలుపు వెనుక ఒకడు నిలబడి ఉంటాడు. వాడి మొఖం చూపించరు, బూట్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ చోటుకు రాగానే నేను కళ్లు మూసుకునేదాన్ని. తాత నన్ను బుజ్జగించలేదు. క్యాసెట్ ఆపి, ఆమె కాలు మెట్టు మీద ఉండగానే బొమ్మను నిలబెట్టి, ఎంతో తీరికగా అడిగాడు.

"వాడు ఆడ ఉన్నడని గామెకు ఎరుకనా?"

లేదన్నాను.

"మరి నీకు?"

ఎరుకేనన్నాను.

"గందుకే భయం నీకైతుంది, గామెకు గాదు. రాసినోడు జేసిన పని గది. ఇగ మొఖం ఎందుకు చూపెట్టలేదంటవా? చూపెడితే ఒక్క మనిషే. బూట్లే చూపెడితే నువ్వు ఎంతమందినో అనుకుంటవు. గది తీసినోని తెలివి."

నటన గురించి ఆయన చెప్పింది ఇంకా విచిత్రంగా ఉండేది. భయపడ్డట్టు చేసేవాడు కళ్లు పెద్దవి చేస్తాడట, నిజంగా భయపడ్డవాడు చేతులకు ఏదో ఒక పని వెతుక్కుంటాడట. టోపీ సర్దుకోవడమో, గుండీ పెట్టి తీయడమో. అందుకని మొఖాన్ని కాదు, చేతులను చూడమనేవాడు. నేను చూసేదాన్ని. చూసి, ఆయన చెప్పింది నిజమని తెలిసి, ఆయన మీద కోపం కూడా వచ్చేది. హాయిగా భయపడి ఊరుకునేదాన్ని, ఈయన భయాన్ని విప్పి ముక్కలు ముక్కలుగా చూపిస్తాడేమిటని.

అప్పుడు నేను నాలుగో తరగతి. మా బాపు పల్సానా దగ్గర ఒక మిల్లులో పనిచేసేవాడు. బట్టకు రంగులద్దే మిల్లు అది. పొద్దుటి పాళీకి తెల్లవారుతుండగానే సైకిల్ మీద వెళ్లిపోయేవాడు. ఆ రోజూ అలాగే వెళ్లాడు, నేను నిద్రలో ఉన్నాను.

మధ్యాహ్నం బడి వదిలాక ఇంటికి వస్తున్నాను. గల్లీ మొదట్లో నల్లా దగ్గర ఆడవాళ్లు ఉన్నారు. నన్ను చూడగానే మాట ఆపేశారు. నీళ్ల దగ్గర ఎప్పుడూ నన్ను విదిలించే ఒకామె నా తల నిమిరింది. నాకు నచ్చలేదు. నాలుగడుగులు వేశాక కిరాణా కొట్టు గుజరాతీ మామ నన్ను పిలిచి ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టాడు. పైసలు లేవన్నాను. "రేహ్‌వా దే బేటా," ఉండనివ్వమ్మా అని మొఖం తిప్పుకున్నాడు. పైసలు చేతిలో పడితే గానీ సామాను కట్టని మనిషి ఆయన. నేను పొట్లం విప్పలేదు. ఎందుకో తెలియకుండానే నా కాళ్లు గబగబా పడ్డాయి.

మా గది ఇంకా పది ఇళ్ల అవతల ఉండగానే ఇంగ్లీషు వినపడింది. ఎవరో మగమనిషి, ఎవరో ఆడమనిషి, పెద్ద గొంతులతో, వెనుక వాయిద్యాలతో. సాంచెల మోతను కూడా మింగేసి గల్లీ అంతా మోగుతోంది. అది మా టీవీ. ఇన్నేళ్లలో దాని గొంతు నేను వినడం అదే మొదటిసారి. జీవితంలో నేను విన్న చప్పుళ్లన్నింటిలో నన్ను అంత భయపెట్టింది ఇంకోటి లేదు.

లోపల తాత ఒక్కడే ఉన్నాడు. ఆయనకు ఎంత చప్పుడు చాలో తెలియదు పాపం, మీటను ఆ చివరి దాకా తిప్పేశాడు. పక్క గదుల్లో ఆడవాళ్ల మాటలు నా చెవిన పడకూడదని అలా చేశాడట, తరువాత తెలిసింది. నన్ను చూసి నవ్వాడు. రా, కూర్చోమని చేత్తో పిలిచాడు. చూడని సినిమా పెట్టానన్నాడు. నవ్వు బాగానే ఉంది. కానీ ఆయన ఒళ్లో ఖాళీ క్యాసెట్ పెట్టె ఒకటి ఉంది. దాన్ని పంచె కొంగుతో తుడుస్తున్నాడు. తుడిచి, పక్కన పెట్టి, మళ్లీ తీసి తుడుస్తున్నాడు.

అమ్మ ఏదని అడిగాను. పనిలో ఉందన్నాడు. బాబిన్ల దగ్గర ఉంటే ఆమె చెప్పులు గడప దగ్గరే ఉండాలి, కార్ఖానాలోకి చెప్పులు వేసుకోనివ్వరు. అక్కడ చెప్పులు లేవు.

నాకప్పుడు అంతా ఒక్కసారి అర్థమైంది. ఏం జరిగిందో కాదు, నేనెక్కడ ఉన్నానో. నల్లా దగ్గరి ఆడవాళ్లు, కిరాణా మామ, తాత, అందరూ చూసేవాళ్లు. మెట్లెక్కుతున్నది నేను. పారిపోదామనిపించింది, ఎటు పారిపోవాలో తెలియలేదు. వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాను. నా వెనుక ఆ తెల్లవాళ్లు అరుస్తూనే ఉన్నారు. నేను గొంతు లేకుండా, పెదవులతో అడిగాను.

"తాతా, గల్లీ అందరికి ఎరుకై నాకు ఎరుక లేనిది ఏంది?"

ఆయన క్యాసెట్ పెట్టె కింద పెట్టి, లేచి, టీవీ ఆర్పేశాడు. నా ఎదురుగా నేల మీద కూర్చుని, నేను బాగా చూడగలిగేలా మొఖం వెలుతురుకు తిప్పి, ఒక్కో మాట విడివిడిగా పలికాడు.

"మిల్లుల బాయిలరు పేలింది, బిడ్డా. మీ బాపు లోపట్నే ఉండె. కొందర్ని దవాఖానకు కొంటబోయిండ్రు. వాళ్లల్ల మీ బాపు ఉన్నడో లేడో ఎవలు చెప్తలేరు. మీ అమ్మ చూడనీకె పోయింది."

"బతికున్నడా?"

"నాకు ఎరుక లేదు."

"నీకు భయమైతుందా?"

ఆయన తల ఊపాడు. "అయితుంది. వాడు నా కొడుకు గదా."

పెద్దవాళ్లకు భయమేస్తుందని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన వద్దనలేదు. ఏమీ కాదని కూడా అనలేదు. ఆ అబద్ధం ఆయన చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు, తరువాత ఆయన చెప్పే ఏ మాటనూ నమ్మేదాన్ని కాదు. బిస్కెట్ పొట్లం విప్పి నాకొకటి ఇచ్చాడు, ఆయనొకటి తీసుకున్నాడు. ఇద్దరం తినకుండా చేతిలో పట్టుకుని గడప మీద కూర్చున్నాం.

ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. ఎండ గల్లీలో ఈ గోడ దిగి ఆ గోడెక్కింది. సైకిల్ గంట మోగితే లేచి నిలబడేదాన్ని, వేరెవరో అయ్యేవారు. బాపు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించకూడదనుకుంటూనే ఆలోచించాను. ఆయన చొక్కా తాడు మీద ఆరుతోంది. దాన్ని ఎవరు మడతపెట్టాలని నాకు పెద్ద దిగులు పట్టుకుంది. తాత నా చేయి వదల్లేదు. ఆయన చేయి తడిగా ఉంది.

పొద్దు గుంకుతుండగా మలుపులో అమ్మ కనిపించింది. చెదిరిన జుట్టుతో పరుగులాంటి నడకతో వస్తోంది. కార్ఖానా పాళీ మారే వేళ, గల్లీ నిండా మనుషులు, మోత. పిలిచినా వినపడదు. ఆమె అక్కడే ఆగి, చేయి పైకెత్తి, నా వైపు చూసి పెదవులతో ఒక్క మాట అంది.

తాత చూపు అంత దూరం ఆనదు. "మీ అమ్మేనా? ఏమంటుంది?" అని నా భుజం పట్టుకున్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆయన్ను అలా ఉంచలేదు. ఆయన మొఖానికి నా మొఖం దగ్గరగా పెట్టి చెప్పాను.

"ఉన్నడు."

ఆయన గడప మీదే వంగిపోయి, రెండు చేతుల్లో మొఖం పెట్టుకుని, నాకన్నా గట్టిగా ఏడ్చాడు. చెవులు లేని మనిషికి తన ఏడుపు ఎంత పెద్దదో తెలియదు కదా, గల్లీ అంతా ఆగి చూసింది.

బాపు వీపు, ఒక చేయి కాలాయి. మూడు నెలలు దవాఖానలో ఉండి ఇంటికొచ్చాడు. తరువాత చాలా ఏళ్లు బతికాడు. తాత మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆ టీవీ గొంతు పెంచలేదు. ఎప్పుడైనా ఆ రోజు మాటొస్తే, సినిమా తీయడం తనకు చేతకాదని తేలిపోయిందని తనను తానే ఎగతాళి చేసుకునేవాడు.

నాకిప్పుడు యాభై నిండాయి. సినిమా ఎక్కడ చూసినా మొదట చూసేది చేతులనే. పోయిన ఏడాది కడుపులో నొప్పని నా కొడుకు నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్ను బయట కూర్చోమని వాడినొక్కణ్ణే లోపలికి పిలిచాడు. వాడు చాలాసేపటికి బయటికొచ్చి, ఏం లేదమ్మా, వేడి చేసిందట, ఇంటికి పోదాం పద అన్నాడు. చక్కగా నవ్వాడు కూడా, కానీ చేతిలోని కాగితాలను మడిచి విప్పి, మళ్లీ మడుస్తున్నాడు. నేను లేవలేదు. వాడి చేయి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, నా వైపు తిరిగి చెప్పమన్నాను. వాడు చెప్పాడు. నాకు భయమేసింది, చాలా భయమేసింది. వాడికీ భయంగా ఉందట, ఆ మాట కూడా చెప్పించాను. చెప్పాక వాడు చిన్నపిల్లవాడిలా నా భుజం మీద తల పెట్టుకున్నాడు, నేను వాడి వీపు నిమురుతూ, ఇక ఏం చేయాలో ఇద్దరం కలిసి అడుగుదామని వాణ్ణి తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్లాను.