గుడ్డుతో తీసిన దిష్టి

మా పాపకి కొత్త తిండి ఏదైనా పొద్దున్నే పెడతాను. సాయంత్రం పెడితే వచ్చేదేదో రాత్రి వస్తుంది. మా ఆయన పోర్టులో షిఫ్టులో ఉంటాడు. మల్కాపురం నుంచి పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాల్సింది నేనే. పసిదిగా ఉన్నప్పుడు ఉడికించిన గుడ్డు చిన్న ముక్క పెడితే పెదాలు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, వాంతులు చేసుకుంది. గుడ్డు పడదన్నాడు డాక్టరు. ఇప్పుడు పాపకి మూడేళ్ళు. వచ్చే నెల ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి, గుడ్డు వేసి కాల్చిన కేకు చిటికెడు పెట్టి చూద్దామంటున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

మిగతావన్నీ అలవాటు చెయ్యమన్నాడు కాబట్టి చేస్తున్నాను. పెట్టాక మాత్రం ఒక చోట కూర్చోలేను. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతాను. రొయ్య మొదటిసారి తిన్న రోజు పిల్ల నవ్వితే, పెదవి లావెక్కిందేమోనని కిటికీ వెలుగులోకి లాక్కెళ్ళి చూశాను.

"పిల్లకి తిండెడతన్నావా, కాపలా కాత్తన్నావా?" అనేది మా అత్తగారు. పిల్ల కోసమే ఊరు వదిలి మా దగ్గరికి వచ్చిన మనిషి. గుడ్డు ఇంట్లోకి రాకూడదంటే ఎంతో ఇష్టమైన గుడ్ల పులుసు కూడా మానేసింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

మొన్న వానల్లో ఒకరోజు, కొత్తదేమీ పెట్టని రోజు, నేను మేడ మీద బట్టలు తీసుకుని దిగేసరికి పాప బుగ్గలనిండా దద్దుర్లు. ఒక కన్ను వాచిపోయింది. ఊపిరి బాగానే ఉంది. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందు వేసి, పిల్లని చంకనేసుకుని ఇల్లంతా గాలించాను. ఇందాక పాప కింద వాటాలో ఉన్నావిడ దగ్గర కూర్చుందని తెలిసి, ఏం పెట్టారంటూ వెళ్ళి ఆవిణ్ణి నిలదీశాను. ఏమీ పెట్టలేదని చెప్పి మొహం చిన్నబుచ్చుకుంది.

పైకి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆవిణ్ణేటీ అనకమ్మా. నాను దిష్టి తీసాను."

"దేంతో తీసారత్తా?"

"గుడ్డుతో. మధ్యాన్నం పిల్ల అన్నం ముట్టలేదు కదా. ఇంట్లోకి తేలేదమ్మా, మెట్ల కాడే తీసాను."

మిగతాది ఒక్కొక్కటే అడిగి రాబట్టాను. పిల్ల చుట్టూ గుడ్డు తిప్పి, పిల్లని కింద ఆవిడకి అప్పగించి, దారులు కలిసే చోటికి వెళ్ళి పగలగొట్టింది. వెనక్కి చూడకుండా వచ్చి, పద్ధతి ప్రకారం కాళ్ళు కడుక్కుంది. కాళ్ళే. వేళ్ళకి అంటిన సొన కొంగుకి తుడుచుకుని, ఆ కొంగుతోనే పిల్ల మొహం తుడిచి ఎత్తుకుంది.

నోటికొచ్చినట్టు అరిచాను. "మీ చేత్తో దాన్ని ముట్టుకోకండి" అని కూడా అన్నాను. ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను.

రాత్రికి దద్దుర్లు అణిగాయి. పొద్దున్నే పాప లేచి, రోజూలాగే నానమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు చాచింది. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"అమ్మ కాడికెళ్ళు, బంగారం" అంది.

పాపకి అదొక ఆటనిపించింది. నవ్వుతూ చుట్టూ తిరిగి వెనకనుంచి ఆ చేతులు పట్టుకోబోయింది. ఆవిడ గోడకి ఆనుకుపోయింది. పాప నవ్వు ఆపి నా వైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎత్తుకోండత్తా" అన్నాను.

"ఉండమ్మా, ఇంకోపాలి కడుక్కొత్తాను" అంటూ చేతులు ముందుకు తెచ్చింది. వేళ్ళ చివర్లు అప్పటికే నీళ్ళలో నాని, తెల్లబడి, ముడతలు పడి ఉన్నాయి.