వంట కామేశంగారి కామెర్లు

2023 వేసవి. అమలాపురంలో నేను పనిచేసే నర్సింగ్ హోమ్ వీధిలో రెండు కల్యాణ మండపాలున్నాయి. పెళ్లిళ్ల రోజులు కావడంతో పొద్దున్నుంచీ బాజాలే. నేను జనరల్ ఫిజీషియన్ని. అంటే కోసి కుట్టే డాక్టర్ని కాదు. అడిగి, తట్టి చూసి, పరీక్షలు చేయించి జబ్బు పట్టుకునేవాణ్ణి. అందులో సగం పని అడగడమే.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ కేసుకి అది అవసరం. మా ఇంటిపేరు చెబితే ఈ చుట్టుపక్కల పెద్దవాళ్లు ఇప్పటికీ కుర్చీ వేస్తారు. ఆ మర్యాద తప్ప మాకు మిగిలిందేమీ లేదు. భూములు తాతగారి హయాంలో సగం పోయాయి, మిగిలిన సగం నాన్నగారు పూర్తి చేశారు. ఇంటి గుట్టు గడప దాటకూడదని మాకు అన్నంతోపాటు నేర్పారు. ఈ కేసు దాకా నేనూ దాటనివ్వలేదు. అందుకు సిగ్గుపడలేదు కూడా.

ఒక ఉదయం కామేశంగారిని తీసుకొచ్చారు. కొత్తపేట వైపు బ్రాహ్మణుల పెళ్లంటే ఆయన చెయ్యి పడాల్సిందే. తడిబట్టతో మడి కట్టుకుని వంటశాలలోకి దిగితే అప్పగింతలయ్యేదాకా బయటికి రారు. అలాంటి మనిషి మంచం మీద ముడుచుకుని వాంతులు చేసుకుంటున్నారు. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. వెంట భార్య సీతామాలక్ష్మిగారు, ఆమె తమ్ముడు సుబ్బారావు వచ్చారు. సుబ్బారావు బావగారి దగ్గరే వంట పని చేస్తాడు.

"వేడి చేసిందండి, అంతే," అందావిడ. "పొయ్యి దగ్గర నుంచునే మనిషి, చెయ్యదేంటండి?"

"ఏమైనా మందులు వాడారా?"

"ఒళ్లు నొప్పులకి ఒకటీ అరా వేసుకుంటారండి."

"తాగే అలవాటు?"

ఆవిడ కొంగు భుజం చుట్టూ బిగించింది. "మడి వంట చేసే మనిషండి ఆయన. మీబోటివారే అలా అడిగితే ఎలాగండి?"

మీబోటివారే అన్న మాట నాకు సరిగ్గా తగిలింది. మరి అడగలేదు.

మధ్యాహ్నానికి రిపోర్టులు వచ్చాయి. కాలేయ కణాలు పగిలితే కొన్ని ఎంజైములు రక్తంలోకి వస్తాయి. మద్యం ఒక్కటే కారణమైతే అవి సాధారణంగా వందల్లో ఆగుతాయి. ఈయనవి వేలల్లో ఉన్నాయి. అంటే వైరసో, మందో, విషమో. వైరస్ పరీక్షల్లో ఏమీ లేదు. ఐ.ఎన్.ఆర్. అని ఒక సంఖ్య ఉంటుంది, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెబుతుంది. అది పొద్దుటికీ ఇప్పటికీ పెరిగింది. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు కోసం కాకినాడకి మనిషిని పంపాను. పారాసెటమాల్ ఎక్కువై కాలేయం దెబ్బతింటే అదే విరుగుడు. అనుమానం ఉంటే రుజువు కోసం ఆగకుండా మొదలుపెట్టాలి.

మందు ఇంకా దారిలో ఉండగానే కామేశంగారు సెలైన్ గొట్టం లాగేసి లేచి కూర్చున్నారు.

"పోపు మాడిపోతోందిరా సుబ్బారావూ! గరిటేదిరా?"

గ్రేస్ సిస్టర్ ఆయన చేతిలో థర్మామీటరు పెట్టింది. "ఇదిగోనండి గరిటె. కాస్త పడుకోండి."

ఆయన దాన్ని ఎగాదిగా చూశారు. "దీంతో పులిహోర కలుపుతావా? ఎవరమ్మా నీకు వంట నేర్పింది?"

సిస్టర్ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చేతులు చాచి మణికట్లు పైకెత్తమన్నాను. రెక్కలు కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి. కాలేయం వడకట్టలేని విషాలు మెదడుకి ఎక్కుతున్నాయన్న గుర్తు అది. దాన్ని ఎన్‌సెఫలోపతి అంటాం. అయితే రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేసినా ఇలాగే కలవరిస్తాడు. ఆ కలవరింతకి మత్తుమందు ఇస్తాం. కాలేయం వల్ల వచ్చే కలవరింతకి ఇస్తే మనిషి లేవకపోవచ్చు. ఇది ఏ కలవరింతో తెలియాలంటే ఆయన ఒంట్లోకి ఏం వెళ్లిందో తెలియాలి. తెలిసినవాళ్లు చెప్పడం లేదు.

వార్డు బయటికి వస్తే సుబ్బారావు ఫోనులో ఆటో మాట్లాడుతున్నాడు. కామెర్లకి పసరు మందు పోయించడానికట.

"ఆటో ఎక్కిస్తే మీ బావగారు దక్కరు," అన్నాను.

"మరేం చెయ్యమంటారండి?"

"నిజం చెప్పమంటాను."

అతను ఫోను కట్టేశాడు. "వచ్చే నెల ముహూర్తాలన్నీ ఒప్పుకున్నారండి. ఏదైనా మాట బైటికొస్తే మళ్లీ ఎవరు పిలుస్తారండి మమ్మల్ని?" అని వార్డులోకి వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కోపం వాళ్ల మీద కాదు. ఆ మాట నాకు బాగా తెలిసినది. సీతామాలక్ష్మిగారిని నా గదిలోకి పిలిచి తలుపు వేశాను. కూర్చోమంటే కూర్చోలేదు. నేనూ నిలబడే మాట్లాడాను.

"మా నాన్నగారు దేంతో పోయారో తెలుసాండి?"

"ఎవరికి తెలీదండి? కామెర్లు చేసి పోయేరు. పన్నెండో రోజు వంటకి మా మావగారే వచ్చేరు మీ ఇంటికి."

"కామెర్లు కాదండి. తాగి పోయారు. డాక్టరు మూడుసార్లు అడిగితే మా అమ్మ మూడుసార్లూ లేదంది. పక్కనే ఉన్న నన్నూ చెప్పనివ్వలేదు."

ఈ మాట నేను నా భార్యతో కూడా అనలేదు. ఆవిడ నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయ్," అంది. "పని అయ్యేక పుచ్చుకుంటారండి. రోజూ. మూడేళ్ల నుంచి."

"మరి మాత్రలు?"

"ఈ ఎండలకి నడుం నిలవట్లేదని, లెక్కలేదండి. వండే మనిషికి ఆ నేతి వాసనకి ఆకలి చచ్చిపోద్ది. తిండీ లేదు. మాత్రలు, ఆ రాత్రి మందూ, అంతేనండి."

సంచీలోంచి రెండు రకాల మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి జ్వరానిది, ఒకటి నొప్పులదని ఆవిడ లెక్క. పేర్లు వేరు. తిప్పి చూస్తే రెండింటిలోనూ పారాసెటమాలే. రోజూ తాగి, తిండి మానేసిన మనిషి కాలేయానికి మామూలు కంటే తక్కువ మోతాదే ఎక్కువ. ఈయన రెండు పేర్లతో రెట్టింపు వేసుకుంటున్నారు.

"పొద్దున్న ఇక్కడ మూలుగుతుంటే మీవాళ్లు చూడకుండా రెండు నేనే వేశానండి," అంది. "నేనే చంపుకున్నానాండి?"

"లేదు. ఇప్పుడు చెప్పారు కదా."

అది నిజమో కాదో ఆ క్షణాన నాకు తెలియదు. కాకినాడ నుంచి మందు రాగానే డ్రిప్ మొదలైంది. మత్తుమందు వద్దన్నాను. విశాఖలో కాలేయ మార్పిడి చేసే పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి మద్యం, మాత్రలు, మోతాదు, అన్నీ దాచకుండా చెప్పాను. డ్రిప్‌తోనే పంపించెయ్యమన్నారు. అంబులెన్సు వెళ్లాక ఓపీలో ఎవరిని చూశానో, ఏం రాశానో గుర్తులేదు. సుబ్బారావు ఫోన్ చేశాడు: "జొన్నాడ దాటేమండి. పిలిస్తే పలకట్లేదండి." నేను వరండాలో ఇటూ అటూ తిరుగుతుంటే గ్రేస్ సిస్టర్ అంది: "మీరు కూర్చుంటే పేషెంట్లు కూర్చుంటారండి. మిమ్మల్ని చూసి వాళ్లూ కంగారు పడుతున్నారు."

మర్నాడు ఐ.ఎన్.ఆర్. ఇంకా పెరిగిందన్నారు. ఆ తర్వాతి రోజు ఆగిందన్నారు. ఆపైన దిగింది. మార్పిడి అవసరం లేకుండానే కామేశంగారు బతికారు. ఒప్పుకున్న ముహూర్తాలు మాత్రం వేరేవాళ్లకి పోయాయి.

కొన్నాళ్లకి బండారులంక నుంచి ఒకామె భర్తని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. నేత పనివాడు, కడుపుబ్బు. అతన్ని బయట కూర్చోబెట్టి, తనే తలుపు వేసింది.

"మీ నాన్నగారి సంగతి సీతామాలక్ష్మిగారు చెప్పేరండి," అంది. "అందుకే మీ దగ్గరికి తెచ్చేను. మీకైతే చెప్పొచ్చన్నారు."

మా ఇంటి పేరు, తరాల గుట్టు, బండారులంక మగ్గాల దాకా వెళ్లింది. లేచి పొమ్మనాలనిపించింది.

"ఆవిడ వాళ్లాయన సంగతి చెప్పారా?" అన్నాను. గొంతు కటువుగానే వచ్చింది.

"ముందు అదే చెప్పేరండి. మీది తర్వాత."

వైద్యంలో నేను చదువుకోనిది ఈ కేసులో నేర్చుకున్నాను. పరువు తీసే ప్రశ్న అడిగే ముందు, అడిగేవాడి పరువు కూడా బల్ల మీద ఉండాలి. ఆమెని కూర్చోమన్నాను. తాగుతాడా అని అడగలేదు.

"రోజుకి ఎంతమ్మా?" అన్నాను.